పట్టా చేతికొచ్చాక గేటు దగ్గర

(దరియాలతిప్పలో జరిగిన మిల్లు కార్మికుల, వారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొదటి షిఫ్టు దిగి తిన్నగా ఇటు వచ్చినవాళ్లున్నారు. మూడో షిఫ్టుకు పోవలసినవాళ్లూ ఉన్నారు. వేట మానుకుని వచ్చిన మత్స్యకార సోదరులు కూడా ఉన్నారు. అందుకని డొంకతిరుగుడు లేకుండా విషయంలోకి వస్తాను.

సంఘం ఆఫీసుకు ఈ మధ్య రెండు రకాల మాటలు వస్తున్నాయి. ఒకటి తండ్రుల మాట. "మావోడు డిగ్రీ అయ్యి రెండేళ్లయిందండి. ఎక్కడా పని కుదర్లేదండి. ఒక కన్సల్టెన్సీ ఆయన డబ్బు కడితే కంపెనీలో పెట్టిస్తానంటున్నాడు. అప్పు చేసి కట్టమంటారా?" అని. రెండోది డిపార్టుమెంట్లలో పనిచేసే సభ్యుల మాట. "ట్రైనీలని పేరు పెట్టి చదువుకున్న కుర్రాళ్లను తెచ్చి రింగు ఫ్రేముల మీద నిలబెడుతున్నారు. మనిషి రిటైరైతే ఆ ఖాళీలో ఎవరినీ పర్మినెంటు చేయడం లేదు. వీళ్లను గేటు బయటే ఆపాలి" అని.

మొదటి మాట అనేటప్పుడు మనం తండ్రులం. రెండో మాట అనేటప్పుడు కార్మికులం. కానీ రెండు మాటల్లోనూ ఉన్న కుర్రాడు ఒక్కడే. మన ఇంట్లో ఖాళీగా ఉన్నాడని మనం ఎవరి గురించి బెంగపడుతున్నామో, వాడే రేపు ఇంకో ఊళ్లో ఇంకో మిల్లులో ట్రైనీ బ్యాడ్జీ పెట్టుకుని ఇంకొకరి కంటికి శత్రువులా కనిపిస్తాడు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒకటే విషయం. పట్టా పుచ్చుకుని పని వెతుక్కుంటున్నవాడు గేటు దగ్గర నిలబడ్డ కార్మికుడే. గేటు దగ్గర ఎవరి మాట నమ్మకూడదో, ఏ కాగితం అడగాలో, ఎక్కడ సంతకం పెట్టకూడదో మిల్లు కార్మికులు నూరేళ్ల పాటు దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఆ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. మన పిల్లలకు మనమే చెప్పాలి.

ఎదురుచూపుల ఖర్చు ఎవరిది?

2024లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి భారతదేశపు ఉపాధి పరిస్థితి మీద ఒక నివేదిక ప్రచురించాయి. అందులో 2022 నాటి లెక్క ఒకటుంది. మన దేశపు యువతలో డిగ్రీ చదివినవాళ్లను తీసుకుంటే నూటికి 29 మంది నిరుద్యోగులు. చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగులు నూటికి ముగ్గురో నలుగురో, సరిగ్గా చెప్పాలంటే 3.4 శాతం. అంటే చదువుకున్నవాళ్లలో నిరుద్యోగం ఎనిమిదిన్నర రెట్లు.

ఈ లెక్క విన్నవాళ్లు వెంటనే అనేమాట ఒకటుంది. "చూశారా, చదివించడం దండగ. కూలికి పోయేవాడే నయం" అని. ఇది తప్పు. చదువు లేనివాడికి మంచి పని దొరుకుతోందని ఆ లెక్క చెప్పడం లేదు. వాడికి ఒక్క వారం ఖాళీగా కూర్చునే స్తోమతు లేదని చెబుతోంది. దొరికిన పనికి, ఇచ్చిన కూలికి పోవలసిందే. సర్వేవాళ్లు వచ్చి అడిగితే వాడు పనిలో ఉన్నట్టే లెక్క.

డిగ్రీ చదివినవాడు ఎదురుచూడగలుగుతున్నాడు. ఎలా చూడగలుగుతున్నాడు? వెనక ఒక జీతం ఉంది కనుక. ఆ జీతం ఎవరిది? వైండింగులో నిలబడే అమ్మది. డబుల్ డ్యూటీ చేసే నాన్నది. వేటకు పోయే మావయ్యది. పరీక్ష ఫీజు, కోచింగు ఫీజు, కాకినాడలో రూము అద్దె, ఇంటర్వ్యూకు రైలు ఛార్జీ, ఇవన్నీ ఆ జీతంలోంచి పోతున్నాయి. బ్యాంకులో కుదువపెట్టిన గాజులు, మధ్యలో పాడుకున్న చీటీ కూడా ఇందుకే పోతున్నాయి. నిరుద్యోగ భృతి అనే మాట ఎన్నికలప్పుడు వింటుంటాం. కుర్రాడికి నెలనెలా భృతి ఇస్తున్నది నిజానికి ఈ సభలో కూర్చున్న మీరే.

అందువల్ల పట్టాకీ మొదటి జీతానికీ మధ్య ఉన్న ఈ కాలాన్ని ఇంటి గొడవగా చూడవద్దని కోరుతున్నాను. "పక్కింటివాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు" అని అన్నం దగ్గర సాధిస్తే కుర్రాడు ఏమవుతాడు? ఎవడు ఏ కాగితం చూపించినా సంతకం పెట్టేస్తాడు. ఇల్లు తొందరపెట్టిన కుర్రాడు యజమానికి చవగ్గా దొరుకుతాడు. ఈ సంగతి కాంట్రాక్టర్లకు మనకంటే బాగా తెలుసు.

యానాం పిల్లల చిక్కు

మన యానాం పిల్లలకు పైపెచ్చు ఇంకో చిక్కుంది. 1954లో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో కలిసింది. అప్పటి నుంచీ మనం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నాం. మాట తెలుగు, సంత తెలుగు, పెళ్లి సంబంధాలు గోదావరి జిల్లాలవి. సర్కారు మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉంది. కాకినాడ చూస్తే 30 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం యానాంలో ఉన్నది 55,626 మంది. ఇంత చిన్న చోట డిగ్రీ చదివినవాళ్లందరికీ ఇక్కడే ఉద్యోగాలు దొరకవు. సరిహద్దు దాటి పోవలసిందే.

సరిహద్దు దాటితే ఏమవుతుంది? 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగాల్లో స్థానికులకు అధిక భాగం కేటాయించే పద్ధతి మొదలైంది. స్థానికుడెవరని తేల్చడానికి ఆ ఉత్తర్వు పెట్టిన ప్రధానమైన కొలత, పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నది. యానాం బడిలో చదివిన పిల్లవాడు ఆ కొలతకు అందడు. అదే వీధి పిల్లవాడు హాస్టల్లో ఉండి అవతల బడిలో చదివితే అందవచ్చు. పన్నెండేళ్ల వయసులో ఏ బడికి పోయాడన్నది ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగాన్ని తేలుస్తుంది. ఇది మనలో ఎంతమంది తల్లిదండ్రులకు ముందే తెలుసు?

ప్రైవేటు పరిశ్రమల సంగతి చూస్తే 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. పరిశ్రమల్లో ఉద్యోగాలు నూటికి 75 రాష్ట్రంలోని స్థానికులకే ఇవ్వాలన్నారు. ఇలాంటిదే హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. ఆ వాదోపవాదాలలోకి నేను పోవడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మన అన్నదమ్ములకు పని దొరకాలన్న కోరికను తప్పుపట్టడమూ లేదు. ఆ "స్థానికుడు" అన్న మాటలో యానాం కుర్రాడు ఎక్కడా లేడని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇక్కడి ఫ్యాక్టరీల సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్ వివాదం ఎంత దూరం పోయిందో ఈ ప్రాంతమంతటికీ తెలుసు. కార్మిక నాయకుడు మురళీమోహన్ ప్రాణం పోయింది. కంపెనీ ప్రెసిడెంటు చంద్రశేఖర్ ప్రాణం కూడా పోయింది. గేటుకు తాళం పడింది. ఒక్కరోజుతో వేల కుటుంబాల బతుకు తారుమారైంది. అవతల గాడిమొగలో 2009లో గ్యాస్ టెర్మినల్ మొదలైంది. కానీ గ్యాస్, చమురు పరిశ్రమ మన మిల్లులాంటిది కాదు. అందులో కోట్ల పెట్టుబడి ఉంటుంది, మనుషులు తక్కువ ఉంటారు. అందుకే యానాం కాలేజీలో బీఏ, బీకాం, బీఎస్సీ చేసినవాడు విశాఖ, హైదరాబాదు, చెన్నై, తిరుప్పూరు అని బయల్దేరుతున్నాడు. ఊరు కాని ఊళ్లో, తెలిసినవాడు లేని గేటు దగ్గర నిలబడుతున్నాడు.

పాత గేటు, కొత్త గేటు

ఇక గేటు సంగతి. ఇది మన సొంత చరిత్ర. కుర్రాళ్లు కాస్త శ్రద్ధగా వినాలి.

మన తాతల కాలంలో మిల్లులో పని కావాలంటే మేనేజరు దగ్గరికి పోయేవాళ్లు కాదు. మేస్త్రీ దగ్గరికి పోయేవాళ్లు. బొంబాయి మిల్లుల్లో జాబర్ అనేవాళ్లు. పనిలో పెట్టుకునేది ఆయనే, తీసేసేది ఆయనే, సెలవు ఇచ్చేది ఆయనే. ఆయన చేతిలో డబ్బు పడనిదే మగ్గం దొరకదు. డబ్బు లేకపోతే వడ్డీకి ఆయనే ఇచ్చేవాడు. తెలంగాణ జిల్లాల నుంచి బొంబాయి పోయిన పద్మశాలి సోదరులకు, మద్రాసు బిన్నీ మిల్లుల్లో చేరిన తెలుగువాళ్లకు ఈ మేస్త్రీల సంగతి బాగా తెలుసు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఆ బిన్నీ వాళ్ల బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల్లోనే. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ దేశమంతా తిరిగి, 1931లో ఇచ్చిన నివేదికలో జాబర్ల లంచాల గురించి రాసింది. పనిలో పెట్టుకునే అధికారం వాళ్ల చేతుల్లోంచి తీసి లేబర్ ఆఫీసర్లకు అప్పగించాలని చెప్పింది.

1935లో బొంబాయి మిల్లుల్లో బదిలీ కార్డులు వచ్చాయి. పర్మినెంటు మనిషి రాని రోజున అతని చోట పనిచేసేవాడు బదిలీ. అంతకు ముందు రోజూ తెల్లవారుజామున వందల మంది గేటు దగ్గర మూగితే మేస్త్రీ తనకు నచ్చినవాణ్ణి వేలితో చూపించి లోపలికి తీసుకునేవాడు. కార్డు వచ్చాక నెల మొదట్లో కొందరికి కార్డులిచ్చి, ఏ రోజు ఖాళీలు ఆ రోజు ఆ కార్డులున్న వాళ్లతోనే నింపాలన్నారు. బదిలీ బతుకు గొప్పదని నేననడం లేదు. ఈ సభలో బదిలీగా ఏళ్లు గడిపినవాళ్లున్నారు, వాళ్లనడగండి. కానీ గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఒక పేరు వచ్చింది, చేతికి ఒక కాగితం వచ్చింది. 1946లో స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చాక ఆ చట్టం కింది నమూనా నిబంధనల్లో పర్మినెంటు, ప్రొబేషనరు, బదిలీ, టెంపరరీ, క్యాజువల్, అప్రెంటిస్ అని విడివిడిగా రాశారు. నువ్వెవరివో రాసి ఉంటేనే నీకేం రావాలో అడగగలవు.

ఇక్కడ పుదుచ్చేరి కార్మికుల్ని తలుచుకోవాలి. 1936 జూలై 30న అక్కడి మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపారు. పన్నెండు మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది 1937లో ఫ్రెంచి ఇండియాలో ఎనిమిది గంటల పని చట్టమైంది. మన బట్టల మిల్లుల వాళ్లు తెచ్చుకున్న చట్టమది. ఆ పోరాటానికి ముందు నిలబడ్డ వి. సుబ్బయ్య గారి పేరు ఈ పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు కొత్త గేటు చూడండి. మేస్త్రీ పోయాడా? పోలేదు. చొక్కా మార్చుకున్నాడు. ఇప్పుడు కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకున్నాడు. మ్యాన్‌పవర్ సప్లయి అన్నాడు. అప్పుడు మామూలు అనేవాడు, ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగు ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్ అంటున్నాడు. అప్పుడు నిశానీ వేయించుకునేవాడు, ఇప్పుడు ఇంగ్లీషులో నాలుగు పేజీల బాండు మీద సంతకం తీసుకుంటున్నాడు. తాత అక్షరం రాక మోసపోయాడు. మనవడు పట్టా ఉండి కూడా ఆ నాలుగు పేజీలు చదవకుండా సంతకం పెడుతున్నాడు. మేస్త్రీకి తాత ఎంత తేలికో, ఈయనకు మనవడూ అంతే తేలిక.

అప్రెంటిస్ అంటే ఏమిటి, ట్రైనీ అంటే ఏమిటి?

డిగ్రీ పిల్లలు పనిలోకి వచ్చే దారుల్లో ఇప్పుడు పెద్దది అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం మొదట ఐటీఐ పిల్లల కోసం వచ్చింది. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా వాళ్లను కలిపారు. 2014లో చేసిన సవరణతో బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లు కూడా వచ్చారు. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ అని అప్పుడు నిర్ణయించారు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి దాన్ని 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. మీ పిల్లవాడు చేరేనాటికి రేటు ఎంతో అడిగి తెలుసుకోండి. దక్షిణాది రాష్ట్రాలకు ఈ వ్యవహారం చూసే బోర్డు చెన్నైలో ఉంది.

ఈ చట్టంలో మంచీ ఉంది, మెలికా ఉంది. మంచి ఏమిటంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది రిజిస్టరు కావాలి. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఉంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. శిక్షణ ముగిశాక సర్టిఫికెట్ వస్తుంది.

మెలిక ఏమిటంటే 18వ సెక్షన్. అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడని అందులో రాశారు. అందువల్ల కార్మిక చట్టాలు చాలావరకు అతనికి వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఎవరిని తీసుకోవాలో సంస్థ తన పాలసీ తానే పెట్టుకోవచ్చని 2014లో రాశారు. కాబట్టి ఏడాది అప్రెంటిస్‌షిప్‌ను ఉద్యోగం వచ్చినట్టు ఊరంతా మిఠాయిలు పంచవద్దు. ఏడాది పాటు పని నేర్చుకునే అవకాశం, చేతికి కొంత సొమ్ము, ఆఖర్న ఒక సర్టిఫికెట్. అంతవరకే దాని విలువ. ఆ విలువ తెలిసి చేరితే మంచిదే.

చిక్కంతా ఇంకో పేరుతో వస్తోంది. "ట్రైనీ". అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. కానీ ట్రైనీ అంటారు. మూడు షిఫ్టులూ తిప్పుతారు. పర్మినెంటు మనిషితో సమానంగా సైడ్లు చూడమంటారు. జీతం అడిగితే "ఇంకా నేర్చుకుంటున్నావుగా" అంటారు. తమిళనాడు స్పిన్నింగు మిల్లుల్లో సుమంగళి పథకం పేరుతో ఆడపిల్లల విషయంలో జరిగింది ఇదే. మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే ఆఖర్న పెళ్లి ఖర్చులకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామని తీసుకుపోయేవారు. వాళ్లనూ అప్రెంటిస్‌లనే అన్నారు. మూడేళ్లు నిండకుండా జబ్బు చేసి ఇంటికి వచ్చిన పిల్లకు ఆ మొత్తం చేతికి రాని సందర్భాలు ఎన్నో. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆఖర్న ఇస్తామన్నది జీతం కాదు. నెలనెలా చేతికొచ్చేదే జీతం.

పేరు ఏం పెట్టారన్నది కాదు, ఏ పని చేయిస్తున్నారన్నది చూడాలని వాదించే హక్కు మనకుంది. ఆ వాదన నిలవాలంటే కాగితాలు చేతిలో ఉండాలి.

అడగవలసిన కాగితాలు

కుర్రాళ్లు రాసుకోండి.

ఒకటి, అపాయింట్‌మెంట్ లెటర్. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే సంఖ్యను 100 నుంచి 300 మందికి పెంచడం అందులో ఒకటి. అయినా మన చేతికి పనికొచ్చేది ఒకటి అందులో ఉంది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని రాశారు. కాబట్టి "లెటరు తరవాత ఇస్తాం" అంటే ఒప్పుకోవద్దు. హోదా, జీతం, చేరిన తేదీ అందులో ఉన్నాయో లేదో చూడండి.

రెండు, అప్రెంటిస్ అయితే రిజిస్టరైన ఒప్పందం కాపీ. అది లేకపోతే మీరు అప్రెంటిస్ కారు.

మూడు, ఎన్నాళ్ల పని? ఫిక్స్‌డ్ టర్మ్ అని ఇన్నేళ్లకని తీసుకునే పద్ధతిని 2016లో మొదట రెడీమేడ్ దుస్తుల రంగంలోనే పెట్టారు. అంటే మన రంగం మీదే ప్రయోగం చేశారు. 2018లో అన్ని రంగాలకూ విస్తరించారు. కొత్త కోడ్ ప్రకారం అలాంటి వాళ్లకు పర్మినెంటు వాళ్లతో సమానమైన జీతం రావాలి, ఏడాది చేస్తే గ్రాట్యుటీ రావాలి. లెటరులో గడువు రాసి ఉంటే ఈ రెండూ అడగండి.

నాలుగు, పీఎఫ్ నంబరు, జీతం చీటీ. జీతంలో కోస్తే ఖాతాలో పడిందో లేదో నెలనెలా చూసుకోవాలి. సెల్‌ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి కదా, ఈ పనికి కూడా వాడండి.

ఐదు, బాండు. ఇన్నేళ్లు చేయకపోతే ఇంత కట్టాలని ఉంటుంది. "బాండు చెల్లదులే, సంతకం పెట్టేయ్" అని చెప్పే సలహాదారులున్నారు. వినకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అన్ని బాండ్లూ చెల్లుతాయని కాదు. చదవకుండా సంతకం పెట్టవద్దని చెబుతున్నాను.

ఇక ఇవ్వకూడనివి రెండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వెంటనే వెనక్కి తీసుకోండి, కాపీలు మాత్రం ఇవ్వండి. పదో తరగతి సర్టిఫికెట్ వాళ్ల బీరువాలో ఉంటే మీరు ఎక్కడికీ కదలలేరు. రెండోది, పని ఇచ్చేందుకు డబ్బు. ఇందాక తండ్రి అడిగాడన్నానే, అప్పు చేసి కట్టమంటారా అని, ఆయనకు నా జవాబు: కట్టకండి. పని చేసేవాడికి డబ్బు రావాలి గాని, పని కోసం వాడు ఎదురు డబ్బు కట్టడం ఎక్కడి న్యాయం?

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకోవడం మానకండి. 1959 చట్టం యజమానులు ఖాళీలు అక్కడ తెలియజేయాలని చెప్పింది గాని, అక్కడి వాళ్లనే తీసుకోవాలని చెప్పలేదు. అందుకే అది అక్కరకు రాలేదని చాలామంది విసుక్కున్నారు. కొత్త కోడ్‌లో దానికి కెరీర్ సెంటర్ అని పేరు పెట్టారు. ఖాళీలు తెలపాలన్న బాధ్యత ఉంది, తీసుకోవాలన్న నిర్బంధం ఇప్పుడూ లేదు. అయినా అక్కడ పేరు లేకపోతే మీరు పని కోసం చూస్తున్నారన్న సంగతికి రుజువే లేదు.

సంఘం చేయవలసింది

చివరిగా మన సభ్యులకు రెండు మాటలు. ట్రైనీలను గేటు బయట ఆపాలన్నారు. ఆపితే ఏమవుతుంది? వాళ్లు కాంట్రాక్టరు వెంట వెనక గేటులోంచి వస్తారు. మన వేతన ఒప్పందాన్ని దెబ్బకొట్టేది వాళ్ల చదువు కాదు, వాళ్లకిచ్చే తక్కువ జీతం. తక్కువకు పనిచేసేవాడు పక్కన ఉన్నంతకాలం మన జీతానికి భద్రత లేదు. వాణ్ణి తరిమితే ఇంకొకడు వస్తాడు. వాడి జీతం పెరిగితేనే మనది నిలుస్తుంది. ఇది మన స్వార్థం దృష్టితో చూసినా సరైన దారి.

పెద్ద మిల్లయినా శాశ్వతం అనుకోకూడదు. 1898లో మొదలైన పుదుచ్చేరి ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్‌ను 2020 ఏప్రిల్ 30న మూసేశారు. తండ్రి తరవాత కొడుకు అదే మిల్లులో చేరే రోజులు పోయాయి. కొడుకు ఏ గేటు దగ్గర నిలబడతాడో మనకు తెలియదు. ఏ గేటు దగ్గర నిలబడ్డా పనికొచ్చేది వాడికివ్వడమే మనం చేయగలిగింది.

అందుకని మూడు ప్రతిపాదనలు సభ ముందు పెడుతున్నాను. మొదటిది, ప్రతి నెలా మొదటి ఆదివారం సంఘం ఆఫీసులో ఒక బల్ల వేద్దాం. ఏ కుర్రాడైనా, ఏ అమ్మాయైనా చేతికొచ్చిన ఆఫర్ లెటరో, బాండో, ఒప్పందమో తెచ్చి చూపించుకోవచ్చు. స్టాండింగ్ ఆర్డర్లు వల్లెవేసిన రిటైర్డు సభ్యులు మనకు ఉన్నారు. చదివి తెలుగులో అర్థం చెబుతారు. పైసా తీసుకోరు. రెండోది, ప్రతి యూనిట్ కార్యదర్శి తన మిల్లులో అప్రెంటిస్‌లు ఎందరు, ఒప్పందం లేని ట్రైనీలు ఎందరు, ఏ షిఫ్టులో ఏ పని చేస్తున్నారు అన్న జాబితా తయారు చేయాలి. పేర్లు తెలుసుకోండి, ఊళ్లు అడగండి, క్యాంటీనులో పక్కన కూర్చోబెట్టుకోండి. మూడోది, రాబోయే వేతన ఒప్పందం కోర్కెల పత్రంలో ఇదొక కోర్కెగా చేర్చాలి: పర్మినెంటు ఖాళీలను భర్తీ చేయాలి, ఆ భర్తీలో అదే మిల్లులో శిక్షణ ముగించిన వాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలి. సంస్థ పాలసీ తానే రాసుకోవచ్చని చట్టం అంటోంది కదా, ఆ పాలసీ రాసేటప్పుడు మనం ఎదురుగా కూర్చుందాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకు ఒక మాట. పరీక్షలు రాయండి, మంచి ఉద్యోగం కోసం ఆశపడండి. అది మీ హక్కు, మీ అమ్మానాన్నల కష్టానికి ఫలం కూడా. కానీ ఒక్క పరీక్ష ఫలితం కోసం మూడేళ్లు గది తలుపు వేసుకుని కూర్చోకండి. పని చేస్తూ రాసిన పరీక్ష తక్కువది కాదు. మిల్లులో డాఫింగు చేసినా, షాపులో లెక్కలు రాసినా, ఆ పనిలో చేరిన తేదీ కాగితం మీద ఉంటే అది రేపు మీ అనుభవం. కాగితం లేకపోతే చేసిన పని చేయనట్టే పోతుంది.

ఇంటికి వెళ్లాక మీ పిల్లల్ని "ఉద్యోగం వచ్చిందా" అని అడగడం కాస్త తగ్గించండి. "వాళ్లు ఏం కాగితం ఇచ్చారు, ఏది, చూపించు" అని అడగండి. ఆ కాగితం మీకు అర్థం కాకపోతే ఆదివారం నాడు తీసుకుని రండి. కలిసి చదువుదాం.

సెలవు.